దయ్యం తొడుక్కున్న జాకెట్

పచ్చికొబ్బరి వాసన తగిలితే ఎవరికైనా గుడి గుర్తొస్తుంది. నాకు మాత్రం దయ్యం గుర్తొస్తుంది. నిన్న బొంగులూరులో మా ఫ్లాట్ వంటింట్లో చట్నీ కోసం కాయ కొడితే నీళ్లు చేతి మీద చిందాయి. ఆ తీపి వాసన ముక్కుకు తగలగానే ఇబ్రహీంపట్నంలోని మా పాత ఇల్లు, కిటికీకి అడ్డంగా కట్టిన నల్ల గొంగడి, దాని చిల్లుల్లోంచి నేల మీద పడుతున్న ఎండ చుక్కలు, నుదుట బొట్టు పెట్టించుకుని కూర్చున్న టీవీ, ఆ టీవీలో మొహానికి పిండి పూసుకున్న ఒక ఆడమనిషి, అన్నీ ఒక్కసారిగా కళ్ల ముందుకు వచ్చాయి. ఆ సినిమా పేరు నాకు ఇప్పటికీ తెలియదు. తీసినవాళ్లు ఎవరో, ఎక్కడున్నారో కూడా తెలియదు. తెలిస్తే వెళ్లి దండం పెట్టి వచ్చేదాన్ని.

మాది చేపలు పట్టే ఇల్లు. బాపు తెల్లవారకముందే పెద్దచెరువులో వల తీసి వచ్చేవాడు, నాయినమ్మ గంప నెత్తిన పెట్టుకుని అంగడికి పోయేది, మిగిలినవాటికి అమ్మ ఉప్పు రాసి ఇంటి కప్పు మీద ఎండబెట్టేది. గోడలకూ గిన్నెలకూ నా పుస్తకాల సంచికీ కూడా ఆ వాసన ఉండేది. బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకుంటే నేను కావాలనే ఇంకాస్త దగ్గరకు జరిగేదాన్ని. తొలకరి పడ్డాక చెరువుకు కొత్తనీరు వచ్చే రోజులు మాకు పండగలకంటే పెద్ద పండగ. బురదనీటి రంగు, తడిసిన వలల బరువు, పొయ్యి మీద చింతపులుసు ఉడికే చప్పుడు, గిన్నె దింపకముందే పళ్లాలు పట్టుకుని వరసగా కూర్చున్న మేము, ఆ వానాకాలాలు అలా పోయేవి. ఆషాఢం వచ్చిందంటే బోనాల కోసం గోడలకు సున్నం, గడపలకు పసుపు, కొత్త కుండకు వేపమండలు. అప్పుడు కొన్ని రోజులు మా ఇల్లు చేపల వాసన మరిచిపోయి పసుపు వాసన వేసేది.

ఏడాది పొడుగునా చేపల వాసన లేని మూల ఇంట్లో ఒక్కటే ఉండేది. అది సుగుణత్త కుట్టుమిషను పెట్టుకున్న మూల. సుగుణత్త బాపుకు చెల్లెలు. అక్కడ మిషను నూనె వాసన, కొత్త గుడ్డ వాసన, సుద్దముక్క వాసన. రంగురంగుల గుడ్డపీలికలు నేలంతా పడి ఉండేవి, వాటితో నేను బొమ్మలకు చీరలు కట్టేదాన్ని. యాచారం అవతలి ఊరికి పెళ్లి చేసి పంపినా, ఇబ్రహీంపట్నంలో ఆడవాళ్లు ఆమె కోసం గుడ్డలు దాచుకుని, పుట్టింటికి వచ్చినప్పుడల్లా క్యూ కట్టేవారు. రోడ్డు మీద ఎవరైనా నడిచిపోతుంటే అత్త కళ్లు ముందు జాకెట్ చూసేవి, తర్వాతే మొహం. "గామెకు ఎడమ భుజం కిందికున్నది, కుట్టెటోడు సూస్కోలే" అనేది. అత్త ఉన్నన్నాళ్లూ పక్కింటి హుసేన్ బీ పెద్దమ్మ రోజూ మధ్యాహ్నం వచ్చి, అత్త కుట్టిన జాకెట్లకు హుక్కులు, చేతిపని చేసిపెట్టేది. దవడలో పాన్, ఒళ్లో హుక్కుల డబ్బా, నోట్లో ఊరందరి కబుర్లు. వాళ్లిద్దరి మధ్య కూర్చుని సూదిలోకి దారం ఎక్కించడం నా ఉద్యోగం. నాకు అత్తంటే ప్రాణం.

నాకు పదేళ్లప్పుడు అత్త కాన్పు కోసం మా ఇంటికి వచ్చింది. ఏడో నెలలో బిడ్డ కడుపులోనే పోయింది. దవాఖాన నుంచి తెచ్చిన సాయంత్రం, చెరువుకట్ట దగ్గర ఆటో ఆపించి దిగి కాసేపు నీళ్ల వైపు చూస్తూ నిలబడిందట. అంతే, ఎవరు అన్నారో ఏమో, అత్తకు గాలి సోకిందన్న మాట వాడంతా పాకింది. ఆమె ఏడిస్తే, చూడవచ్చిన ఒకావిడ "గది సుగుణ ఏడుపు గాదు" అన్నది. "నాకేం గాలే, నన్ను జర ఇడ్సిపెట్టుండ్రి" అని అత్త అంటే, "గా గాలే గట్ల అనిపిస్తున్నది" అన్నారు. తర్వాత అత్త నోరు మూసుకుంది. రెండు నెలలు ఒక్క మాట లేదు. మిషను మీద పాత చీర కప్పారు. గుడ్డలిచ్చినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి వాపసు తీసుకుపోయారు. మామ వచ్చి గడప బయటే నిలబడి, "మంచిగైనంక తోలుండ్రి" అని చెప్పి వెళ్లిపోయాడు. హుసేన్ బీ మాత్రం ఎప్పటిలాగే మధ్యాహ్నాలు వచ్చి, కుట్టే పని లేకపోయినా అత్త పక్కన కూర్చుని పోయేది.

చివరికి మా ఇంట్లోవాళ్లు యాచారం దాటాక ఉన్న ఒక మంత్రగాడి దగ్గరకు తీసుకుపోవాలని నిర్ణయించారు. మంగళవారానికి ఆటో మాట్లాడారు. ఆ మంత్రగాడు చింతబరికెలతో కొడతాడని, ఎండుమిరపకాయల పొగ పెడతాడని, దయ్యం పేరు చెప్పేదాకా వదలడని నేను విన్నాను. మా వెనకవాడలో ఒకామె అక్కడికి పోయి వచ్చి నెలరోజులు వీపు ఆనించి పడుకోలేకపోయింది. రాత్రిళ్లు దుప్పట్లో దూరి, మంగళవారం రాకూడదని ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ, హుసేన్ బీ వాళ్ల పీర్లకు కూడా మొక్కుకున్నాను.

వెళ్లేముందు అత్తకు ఒకసారి అమ్మవారి సినిమా చూపించాలన్న ఆలోచన నాయినమ్మది. తల్లి మొహం చూస్తే సగం గాలి అక్కడే దిగిపోతుందని ఆమె నమ్మకం. అప్పట్లో బస్టాండు దగ్గర సీడీ దుకాణంలో సినిమాతో పాటు ప్లేయరు కూడా కిరాయికిచ్చేవారు. బాపు ఆదివారం పొద్దున్నే వెళ్లి తెచ్చాడు. బాపుకు అక్షరాలు రావు, బొమ్మ చూసి ఏరుకున్నాడు. ప్లాస్టిక్ కవరు మీద జుట్టు విరబోసుకున్న ఆడమనిషి, నుదుట రూపాయంత బొట్టు, చేతిలో త్రిశూలం, వెనక మంటలు. మా వాడలో ఎవరు చూసినా తల్లి అనే అంటారు.

మాకు అమ్మవారి సినిమా అంటే పూజే. నాయినమ్మ ఇల్లంతా అలికించి, చేపల వాసన పోవడానికి పసుపునీళ్లు చల్లించింది. వలలన్నీ పెరట్లో వేయించింది. ఆదివారం నీచు బంద్, దానికి మేం పిల్లలం మూతులు ముడుచుకున్నాం. అందరం తలంటుకున్నాం. టీవీకి పసుపు రాసి, కుంకుమ పెట్టి, పక్కన పరమాన్నం గిన్నె, పులిహోర, దీపం. హుసేన్ బీ కూడా తానం చేసి, ఉతికిన చీర కట్టుకుని వచ్చి గోడకు ఆనుకుంది. అత్తను సరిగ్గా టీవీ ఎదురుగా కూర్చోబెట్టారు. కిటికీకి గొంగడి కట్టాక నాయినమ్మ కొబ్బరికాయ కొట్టి, రెండు చిప్పలూ టీవీ ముందు పెట్టి చేతులు జోడించింది. కాయ కొట్టాక హారతి ఇచ్చేదాకా ఎవరూ లేవకూడదు, ఆపకూడదు. అది మా ఇంటి నియమం.

సినిమా మొదలైంది. ఒక పాడుబడ్డ బంగళా, వాన, కుక్క అరుపు. "తల్లి ఎప్పుడొస్తదిరా?" అని నాయినమ్మ. "వస్తది ఆగవే" అని బాపు. తల్లి రాలేదు. దొర మనుషులు ఒక అమ్మాయిని చంపి బావిలో పడేశారు. ఆ బావిలోంచి పొగ లేచి, పొగలోంచి తెల్లచీరతో దయ్యం వచ్చింది. చేతులు జోడించిన నాయినమ్మ అలాగే బిగుసుకుపోయింది, వాటిని దించాలో ఉంచాలో తెలియక.

"ఏందవ్వా, మీ తల్లి గింత చిక్కిపోయింది?" అన్నది హుసేన్ బీ.

బాపు లేచి స్విచ్చు మీద చెయ్యి వేశాడు. గాలి సోకిన మనిషికి ఎదురుగా దయ్యం సినిమా పెట్టామని ఆయన మొహం పాలిపోయింది. నాయినమ్మ అరిచింది: "ఆపకురా! కాయ కొట్టినంక నడుమ ఆపితే ఇల్లు ఆగమైతది." అందుకని బాపు చెయ్యి స్విచ్చు మీదే పెట్టుకుని, ఆపలేక, కూర్చోలేక, నిలబడే చూశాడు. అమ్మ టీవీ చూడడం మానేసి అత్తనే చూస్తోంది. అత్త కాస్త వణికినా, కాస్త ఊగినా, మంగళవారం ఇక తప్పదని నాకు కూడా అర్థమైంది. నేను అత్త కొంగు పట్టుకుని కూర్చున్నాను.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ సినిమావాళ్ల దగ్గర ఏముంది, పిండి, తాడు, సాంబ్రాణి, ఒక బంగళా, అంతే. ఆ బంగళాలో ఒకటే వరండా, దాన్నే ముందు నుంచి ఒకసారి, వెనక నుంచి ఒకసారి తీసి పెద్ద కోటలా చూపించారు. దయ్యం గాలిలో తేలినప్పుడు నడుముకు కట్టిన తాడు స్పష్టంగా కనిపించింది. ఆరుగురే రౌడీలు, చచ్చినవాళ్లే మళ్లీ మీసాలు మార్చుకుని చావడానికి వచ్చేవారు. అయినా ఒక్కరు కూడా పనిని తేలిగ్గా తీసుకోలేదు. పడమంటే రాళ్ల మీద నిజంగా పడ్డారు, అరవమంటే గొంతు చీరుకుపోయేలా అరిచారు. దయ్యం వేసిన అమ్మాయైతే, కళ్లలోకి పిండి జారుతున్నా రెప్ప వేయలేదు. చేతిలో ఏమీ లేకపోయినా జనాన్ని భయపెట్టి తీరాలని పట్టుబట్టిన ఆ మనుషులంటే నాకు ఇప్పటికీ గౌరవం.

మొదటి సీడీ అయిపోయింది. ఇక చాలు, ఇక్కడే హారతి ఇచ్చేద్దాం అన్నాడు బాపు. కథ సగంలో హారతి ఏందిరా అని నాయినమ్మ తిట్టింది. రెండో సీడీ పెట్టారు. అత్త అప్పటిదాకా కదల్లేదు. పరమాన్నం మీద మీగడ కట్టింది, పులిహోర మీద ఈగలు వాలితే తోలేవాళ్లు లేరు.

రెండో సీడీలో కొట్లాటలన్నీ ఒక రాళ్ల క్వారీలో జరిగాయి. అది మా ఊరి వైపు క్వారీయేనని బాపు ఆ భయంలో కూడా అన్నాడు. దయ్యానికి గుట్ట మీద చిన్న గుడిలో త్రిశూలం దొరికింది. రౌడీలు చుట్టుముట్టారు. ఆమె త్రిశూలాన్ని తల మీదకు ఎత్తి పొడవాలి. ఎత్తింది. చెయ్యి భుజం దాకా వచ్చి ఆగిపోయింది. మళ్లీ ఎత్తింది, మళ్లీ అక్కడే ఆగింది. ఇక లాభం లేదని ఆ అమ్మాయి మోచేత్తో కొట్టింది, జడతో కొట్టింది, చివరికి కళ్లు పెద్దవి చేసి చూసింది. ఆ చూపుకే ఇద్దరు పడిపోయారు.

నా చేతిలోని కొంగు కదిలింది. అత్త ముందుకు వంగింది. రెండు నెలలు వాడని గొంతు, బొంగురుగా వచ్చింది.

"చంక కాడ ఇరుకు కుట్టిండ్రు. పాపం, చెయ్యి లేస్తలేదు."

అమ్మ నన్ను గబుక్కున తన వైపు లాక్కుంది. బాపు స్విచ్చు మీద చెయ్యి తీయలేదు, నొక్కలేదు. టీవీలో మాత్రం దయ్యం కొడుతూనే ఉంది. అప్పుడు హుసేన్ బీ టీవీ మీద నుంచి చూపు కూడా తిప్పకుండా, పాన్‌ను ఈ దవడ నుంచి ఆ దవడకు మార్చుకుని, నిన్న ఆగిన ముచ్చటను ఈరోజు అందుకున్నట్టుగా జవాబిచ్చింది.

"అవ్ సుగుణా. ఈపు మీద హుక్కు గూడ ఊడింది, పిన్ను పెట్టిండ్రు సూడు."

"లోపట గుడ్డ ఇడ్సిండ్రో లేదో. ఇడిస్తే ఒక్క కుట్టు ఇప్పుతె సాలు."

"ఏడ ఇడుస్తరు! గుడ్డ మిగుల్చుకునెటోల్లు."

అత్త నవ్వింది. పెద్దగా కాదు, ముక్కుతో వచ్చే చిన్న నవ్వు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపు వచ్చింది, హుసేన్ బీ భుజం మీద తల పెట్టి, కడుపులోంచి వచ్చే ఏడుపు ఏడ్చింది. ఈసారి అది ఎవరి ఏడుపని ఎవరూ అడగలేదు. సినిమా చివర గుట్ట మీది గుడిలో నిజంగానే అమ్మవారి విగ్రహాన్ని ఒక్క క్షణం చూపించారు. నాయినమ్మ అదే అదనుగా లేచి, టీవీకి హారతి ఇచ్చింది. కళ్లకు అద్దుకుంటూ బాపుతో అన్నది: "దయ్యం పట్టినదానికి చంక ఇరుకు కానొస్తదారా? ఆటో ఒద్దని చెప్పిరా పో."

బాపు చెప్పి పంపిన కబురు ఆటో ఆయనకు అందలేదు. మంగళవారం పొద్దున ఆటో వచ్చి గుమ్మం ముందు హారన్ కొట్టింది. అత్త తలుపు పట్టుకుని నిలబడింది, మొహంలో నెత్తురు లేదు. నాయినమ్మ చేపల గంప తెచ్చి ఆటోలో పెట్టి, తానూ ఎక్కి కూర్చుని, "అంగట్ల దింపు బిడ్డా, ఇయ్యాల జర రాజాలెక్క పోత" అన్నది. మా నాయినమ్మ చదువుకోలేదు, దయ్యాలను చచ్చేదాకా నమ్మింది. అయినా అంత గొప్పగా తన తప్పు దిద్దుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

అత్త ఆ రోజుతో బాగైపోయిందని చెబితే అబద్ధమవుతుంది. బాపు సర్కారు దవాఖానకు తిప్పాడు, మందులు వాడింది, మాట్లాడని రోజులు ఇంకా చాలా వచ్చాయి. బోనాలకు నాలుగు రోజుల ముందు మిషను మీది చీర తీసింది. మొదట కుట్టింది నాయినమ్మ జాకెట్. మరుసటి ఏడు మామ వచ్చి తీసుకుపోయాడు, తర్వాత వాళ్లకు కొడుకు పుట్టాడు. మేం పిల్లలం మాత్రం ఆ వానాకాలమంతా దయ్యం ఆట ఆడాం. మా ఆటలో దయ్యమైనవాళ్లు చేతులు భుజాల కంటే పైకి ఎత్తకూడదు, ఎత్తితే ఔట్. పక్క వాడ పిల్లలకు ఆ నియమం ఎందుకో అర్థమయ్యేది కాదు.

ఆ ఇల్లు రోడ్డు వెడల్పులో పోయింది. సీడీ దుకాణం ఉన్నచోట ప్లాట్లు అమ్మే ఆఫీసు వచ్చింది. ఆ మంత్రగాడి గుడిసె, దాని చుట్టూ ఉన్న చేలు కూడా కంపెనీల కోసం తీసుకున్న భూముల్లో కలిసిపోయాయి, దానికి మాత్రం నాకు బాధ లేదు. నాయినమ్మ లేదు. హుసేన్ బీ కూడా పోయింది, పోయేనాటికి ఆమెకు చూపు ఆనేది కాదు, అయినా వేళ్లతో తడిమి హుక్కులు కుట్టేదట. అత్తకు ఇప్పుడు మన్నెగూడ చౌరస్తాలో చిన్న దుకాణం ఉంది. ఆదివారం మధ్యాహ్నం మా ఇంటికి వస్తుంది, ఇద్దరం కర్టెన్లు లాగి, చవకరకం దయ్యం సినిమాలు వెతికి మరీ చూస్తాం. కంప్యూటర్లో చేసిన కొత్త దయ్యాలు అత్తకు నచ్చవు. "గిదేం దయ్యమే, ఒంటి మీద ఒక్క ముడత లేదు" అంటుంది.

పోయిన ఆదివారం అలా చూస్తుండగా, ఇన్నేళ్లుగా నోటి దాకా వచ్చి ఆగిన మాట అడిగేశాను. మంగళవారం తీసుకుపోతారని నీకు ముందే తెలుసా అత్తా అని.

"ఎరుకే. మీరు అర్రల గుసగుస పెడితె నాకినబడదా?" అన్నది. టీవీ వైపే చూస్తోంది. "ఏం మాట్లాడినా గదే మాట్లాడుతుందంటిరి. నేను నేనే అని ఎట్ల చెప్పాలె బిడ్డా? ఒక్క మాట కోసం ఎతికిన, ఏ దయ్యానికీ రాని మాట. గా జాకెట్ సూడంగనే దొరికింది."

ఆ సినిమా అత్తను మాకు తిరిగి తెచ్చిందని ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పుకుంటూ వచ్చాను. నాకు సిగ్గేసింది. ఎంత ధైర్యం అత్తా నీది అన్నాను.

"నాదేమున్నది. నోరు తెరిచినంక నాకూ భయమే అయింది. మీ అమ్మ నిన్ను గుంజుకున్నది, నేను సూసిన. మీ బాపు బొమ్మలెక్క నిలబడ్డడు. గప్పుడు హుసేన్ బీ గిట్ల జవాబియ్యకపోతుంటె, దయ్యమే జాకెట్ ముచ్చట చెప్తుందని మంగళారం తోలుకపోదురు." అత్త కొంగుతో మొహం తుడుచుకుంది. "గామె ఒక్కతే బిడ్డా. దయ్యంతోని గాదు, నాతోని మాట్లాడింది."